మరదలి వైపు సీటు

మా తమ్ముడు ఇద్దరికే చోటున్న కారు కొన్నాడు. ఇంట్లో ఉండేది ముగ్గురం: తమ్ముడు, వాడి పెళ్ళాం, నేను. ఆ లెక్కన మిగిలిపోయే మనిషి ఎవరో నాకు ఒకళ్ళు విడమరిచి చెప్పక్కర్లేదు. అయినా నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. చిన్నప్పుడు వాడి చేతిలో బిస్కెట్టు పెడితే తలా ఒక ముక్క పంచేసి, అరచేతిలో మిగిలిన పొడి నాకి ఊరుకునేవాడు. అలాంటివాడికి జుట్టు నెరిశాక తనకంటూ ఒకటి కావాలనిపించిందంటే, పోనీలే పాపం అనుకున్నాను.

కారు కొత్తదేం కాదు. వాళ్ళ పెళ్ళయిన రోజుల్లో కుర్రాళ్ళు రోడ్డు పక్కన నోళ్ళు తెరుచుకుని చూసిన రకం. ఎర్రగా, పొట్టిగా, నేలమీద పాకుతున్నట్టు ఉంటుంది. ముందు దీపాలు పగలంతా రెప్పలు వాల్చుకుని నిద్రపోతాయి, మీట నొక్కితే గుడ్లు తెరుస్తాయి. నడినెత్తిన ఒక పలక ఉంటుంది, గొళ్ళేలు విప్పితే అది చేతుల్లోకి ఊడి వచ్చేస్తుంది, లోపల కూర్చున్నవాళ్ళకి ఆకాశం కనిపిస్తుంది. ఎక్కడం అనే మాట ఆ కారుకి పనికిరాదు. అందులోకి దిగాలి, బావిలోకి దిగినట్టు. మా వీధిలో వాళ్ళు మొదట్లో దాన్ని ఎర్ర కారు అనేవాళ్ళు. తర్వాత బాతు అనడం మొదలుపెట్టారు. ఎందుకో చెబుతాను.

మా తమ్ముడు నీళ్ళ శాఖలో పైపుల ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. రోడ్డు కింద ఎక్కడో పైపు పగిలి నీళ్ళు కారిపోతుంటే, ఎక్కడ తవ్వాలో చెప్పడం వాడి పని. దానికి వాడి దగ్గర ఒక ఇనప కడ్డీ ఉండేది. ఒక కొస రోడ్డుకి, రెండో కొస చెవికి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. వెనక బళ్ళు ఆగిపోయి హారన్లు కొడుతున్నా వాడికి పట్టేది కాదు. చివరికి కళ్ళు తెరిచి కాలితో గీత గీస్తే అక్కడ తవ్వేవాళ్ళు. ఒక్కోసారి పక్క వీధిలో కూడా తవ్వాల్సి వచ్చేదనుకోండి. ఆ సంగతి వాడు చెప్పడు, నేను చెబుతున్నాను. అందరూ వాడిని వాల్వు గారు అంటారు. మరదలిని వాల్వు గారి భార్య అంటారు. ఆ పిలుపు వింటే తనకి ఒళ్ళు మండుతుంది.

పైపులు మనిషి తీరిక చూసుకుని పగలవు కదా. సగం తిన్న కంచం ముందు నుంచి లేచి వెళ్ళిపోయేవాడు. సినిమాకి టిక్కెట్లు తెచ్చాడంటే వాడి టిక్కెట్టు మీద నేను చూసేదాన్ని. వాడి పుణ్యమా అని నేను చూడని సినిమా లేదు. అప్పుడెప్పుడో పెళ్ళానికి మాట ఇచ్చాడట, రిటైరయ్యాక మనిద్దరమే తిరుగుదాం, మధ్యలో ఇంకో మనిషి ఉండకూడదని. ఆ ఇంకో మనిషినైన నాకే మరదలు ఆ ముచ్చట చెప్పుకుని మురిసిపోయింది. అందుకే ఇద్దరి కారు.

కొన్న కొత్తలో మరదలి పెదనాన్న కూతురు కొత్తిల్లు చూడటానికి రమ్మని వీళ్ళని భోజనానికి పిలిచింది. మరదలు అప్పుడే కుట్టించుకున్న బట్టలు వేసుకుంది. దారిలో వాన కొట్టింది. వెళ్ళారు, ముందుగదిలో లేత గంధం రంగు సోఫా మీద కూర్చోబెట్టారు. కాసేపు మాట్లాడుకున్నాక భోజనానికి లేవమన్నారు. మరదలు లేచేసరికి సోఫా మీద ఒక చిన్న చెరువు ఉంది. కారు సీటంతా నీళ్ళు పీల్చుకుని ఉండి, దారి పొడుగునా ఆ నీళ్ళు తన బట్టల్లోకి దిగాయన్నమాట. ఆ పిల్ల మంచిది, పర్వాలేదక్కా ఆరిపోతుంది అంది. ఆమె మొగుడు మాత్రం ఎంతో జాలిగా, ఈ వయసులో ఇవి మామూలేనండీ, మొహమాటపడకండి అన్నాడు.

ఆ మాటతో మరదలికి అన్నం సహించలేదు. కారు వల్ల అని మా తమ్ముడు ఎంత చెప్పినా, ఆయన అన్నిటికీ తల ఊపి మరీ జాలిపడ్డాడట. తిరిగొచ్చేటప్పుడు తను కారెక్కలేదు. బస్సులో వచ్చింది. బస్సంతా ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చింది. గుమ్మంలో అడుగుపెడుతూనే, ఊరి వీధులన్నిటిలో కారే నీళ్ళు ఆపిన మొగుడు నా సీటు కింద నీళ్ళు ఆపలేకపోయాడు వదినా అంది. ఎప్పుడు చూసినా నీళ్ళలోనే కూర్చుంటుందని అప్పుడే మొదటిసారి ఆ కారుని బాతు అంది. వీధివాళ్ళకి ఆ పేరు నచ్చింది.

మా వీధి చివర స్టూడియో పెట్టుకున్న ఫొటోగ్రాఫరు ఒకాయన ఉన్నాడు. కారు వచ్చిన రోజు నుంచీ ఆయన కన్ను దాని మీదే. అమ్మితే స్టూడియోలో పెట్టుకుంటానని, జంటలని అందులో కూర్చోబెట్టి ఫొటోలు తీస్తానని, వెనక గోడ మీద సముద్రం బొమ్మ ఎలాగూ ఉందని అడుగుతూనే ఉన్నాడు. మరి మా నేల అంత బరువు మోస్తుందా అని తనే అనుమానపడి, మొయ్యకపోతే ఇంజను పీకించేస్తాలెండి, నాకు దానితో పనేముంది అన్నాడు. ఆ మాట విన్నరోజు మా తమ్ముడు ఎవరో తన పక్కటెముక అడిగినట్టు మొహం పెట్టాడు.

సోఫా సంగతి జరిగాక ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి మా తమ్ముడు నోరు తెరవకముందే మరదలు మాట్లాడింది.

"వచ్చే ఆదివారం రండి. అప్పటికి నా సీటు పొడిగా ఉంటే బండి మాకుంటుంది. తడిగా ఉంటే మీరు తోలుకుపోవచ్చు." తర్వాత మొగుడి వైపు తిరిగింది. "ఏమంటారు? చేతకాదంటే ఇప్పుడే చెప్పండి."

నీళ్ళ దగ్గర చేతకాదు అనే మాట మా తమ్ముడి చేత ఎవరూ అనిపించలేరు. సరేనన్నాడు. తడో పొడో చెప్పే మనిషి కావాలిగా, వాడు పెళ్ళాన్ని నమ్మడు, తను మొగుణ్ణి నమ్మదు, కాబట్టి తీర్పు నామీద పెట్టారు. ఇద్దరి కారుతో నాకు అలా చుట్టరికం కలిసింది.

మర్నాడు పొద్దున్నే మా తమ్ముడు సీట్లు రెండూ విప్పి వాకిట్లో పెట్టాడు. కింద పరిచిన కార్పెట్ లేపాడు. దాని కింద దళసరి స్పాంజి ఉంది. మరదలి వైపు స్పాంజి చేత్తో నొక్కితే నీళ్ళు పైకి ఉబికి వచ్చాయి. ముక్కలు చేసి పిండితే బకెట్టు నిండింది. వాసన సంగతి అడక్కండి. ఒక మూల సీటు కింద ఏదో గింజ పడి మొలకెత్తి, తెల్లగా, పొడుగ్గా, వెలుతురు కోసం మెడ చాచుకుని నిలబడి ఉంది. మరదలు దాన్ని వేళ్ళతో సహా తీసి, డబ్బాలో మట్టి వేసి నాటింది. కనీసం దీనికైనా మీ బండి పనికొచ్చింది అంది.

కారులో నీళ్ళు పట్టుకోవడం రోడ్డు కింద నీళ్ళు పట్టుకోవడం లాంటిదేనట. నీళ్ళు దిగేది ఒక చోట, బయటపడేది ఇంకో చోట. మధ్యలో రేకు మడత వెంటో, వైరు వెంటో చప్పుడు చెయ్యకుండా నడిచిపోతాయి. మా తమ్ముడు ఇదేదో పెద్ద విషయంలా చెబుతుంటే నేను విని ఊరుకున్నాను. ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినదాన్ని. వంటింట్లో గుసగుసగా అన్న మాట ఎన్ని గోడలు పాకి ఎవరి గదిలో తేలుతుందో నాకు తెలియదా.

దానికొక పద్ధతి ఉంది. తలుపులు వేసి, అద్దాలు ఎక్కించి, నెత్తిన పలక బిగించాలి. లోపల ఒక మనిషి టార్చిలైటు పట్టుకుని కూర్చోవాలి. బయట ఇంకో మనిషి రబ్బరు పైపుతో నీళ్ళు పట్టాలి. నీళ్ళు కింద నుంచి మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి తీసుకురావాలి. ఒకేసారి నెత్తిన పోస్తే ఎక్కడ దిగిందో తేలదు. లోపలి మనిషిగా నన్ను పెట్టారు. సీటు లేదు గనక ఒక దిండు వేసి దించారు. నా మోకాళ్ళ సంగతి వాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు, అయినా దిగేదాకా ఎవరికీ గుర్తు రాలేదు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. పైపు మరదలు పట్టుకుంది. సోఫా మీద తన పరువు తీసిన బండి ఇదేనని తను మర్చిపోలేదు, నీళ్ళు పడుతుంటే చేతిలో కసి కనిపించింది. ఎటు పట్టాలో చూపిద్దామని వాడు వంగినప్పుడల్లా పైపు చెయ్యి జారి వాడి మీదకి తిరిగేది. అయ్యో అనేది. నేను లోపల నుంచి చూస్తున్నానుగా, ఆ చెయ్యి ఎలా జారుతోందో.

తలుపు సగం దాకా ఏమీ లేదు. ముందు అద్దం దాకా ఏమీ లేదు. నీళ్ళు నెత్తిన పలక అంచుకి చేరేసరికి మరదలి వైపు పైమూల నుంచి ఒక చుక్క దిగింది. తర్వాత ఇంకోటి. దారం కట్టినట్టు కిందికి దిగి, సరిగ్గా తన సీటు ఉండాల్సిన చోట పడటం మొదలైంది. నేను అరిచాను. నీళ్ళు ఆపారు. వాడి మొహం వెలిగిపోయింది. దొరికింది అక్కా అన్నాడు. తర్వాత నన్ను బయటికి తియ్యడానికి ఇద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని లాగాల్సి వచ్చింది. ఆ లాగుడులో ఒక్కసారైనా ఇద్దరూ ఒక వైపు లాగి ఉంటే నేను తొందరగా వచ్చేదాన్ని.

ఆ మూల రబ్బరు ఎక్కడ చిట్లిందో తెలియడానికి మొహానికి రాసుకునే పౌడరు కావాలన్నాడు. రబ్బరు పొడవునా పౌడరు అద్ది, పలక బిగించి, నీళ్ళు పట్టి తీస్తే, నీళ్ళు నడిచిన చోట పౌడరులో చార కనిపిస్తుందట. మరదలి పౌడరు డబ్బా సగం దానికే అయిపోయింది. చార కనిపించింది. కొత్త రబ్బరు తెచ్చి వేశాడు. మళ్ళీ నన్ను దించి నీళ్ళు పట్టారు. చుక్క ఆగలేదు. అయితే ముందు అద్దం రబ్బరు అన్నాడు, అదీ మార్చాడు. మళ్ళీ దించారు. రేడియో ఏరియల్ పెట్టిన కన్నం అన్నాడు, అదీ మూశాడు. పలక చుట్టూ ఉన్న సన్నటి కాలవ బయటి అంచుకి తెల్ల పేస్టు దట్టించాడు. ఆరోజు చుక్కలు పోయి ధార వచ్చింది. నేను గొడుగు అడిగాను.

ఒక్కో కన్నం మూసినకొద్దీ నీళ్ళు ఎక్కువవుతున్నాయి. వాడు అన్నం దగ్గర ఉత్త మెతుకులు కెలకడం మొదలుపెట్టాడు. మరదలు వాడికి వినపడేలా నాతో, ఆదివారానికి ఇల్లు శుభ్రం చెయ్యాలి వదినా, ఫొటోగ్రాఫరు గారు వస్తారు కదా అనేది. కానీ వాడు వాకిట్లో కారు కింద దూరినప్పుడు, వంటింటి కిటికీ దగ్గర నిలబడి గిన్నె తోముతూ తోముతూ, తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ వాడినే చూస్తుండేది. నేను చూడనట్టే కూరలు తరుక్కున్నాను. ఆడపడుచు కళ్ళు ఎక్కడెక్కడ ఉంటాయో మరదళ్ళకి తెలియకపోతేనే మంచిది.

శనివారం వచ్చింది. సీట్లు ఎండలో బాగా ఆరాయి, తెచ్చి బిగించాడు. ఇంక మూయడానికి కారులో కన్నమే లేదు. ఒకసారి నీళ్ళు పట్టి చూద్దాం, ఇదే ఆఖరు అన్నాడు. ఈసారి నన్ను లోపలికి దించలేదు, రెండు సీట్ల మీదా పాత పేపర్లు పరిచాడు. మరదలు చాలాసేపు నీళ్ళు పట్టింది. నీళ్ళు ఆపాక వాడి వైపు తలుపు తీశాను. పేపరు ఫెళఫెళలాడుతోంది. తన వైపు తలుపు తీశాను. పేపరు తడిసి సీటుకి అతుక్కుపోయింది. వేలితో నొక్కితే సీటులోంచి నీళ్ళు ఊరి వేలి చుట్టూ చేరాయి.

మరదలు రెండు పేపర్లనీ చూసింది. అప్పటిదాకా ఉన్న వెటకారం గొంతులోంచి పోయింది.

"మీ వైపు ఒక్క చుక్క లేదు" అంది.

వాడు తడిసిన పేపరు సీటు మీద నుంచి ఒలవడం మొదలుపెట్టాడు.

"ఇన్ని రోజులూ నేను బండిని తిట్టాను. బండిదేముంది, చేసే మనిషి మీరు. మీరు కూర్చునే చోటు చక్కగా చూసుకున్నారు. నాది ఎలా పోతేనేం. పైపులున్నప్పుడు పైపులు, ఇప్పుడిది."

"అది కాదే" అన్నాడు వాడు. అది కాకపోతే ఏదో వాడికే తెలియదు, పాపం.

మరదలు తన వైపు తలుపు బలంగా వేసి లోపలికి వెళ్ళిపోబోయింది. ఆ తలుపు పడగానే లోపల ఏదో గళగళమంది. నిండు బిందె కుదిపితే ఎలా ఉంటుందో అలా. తను ఆగిపోయింది. నేనూ విన్నాను. మా తమ్ముడు ఎవరినీ చూడకుండా ఇంట్లోకి పోయి ఇనప కడ్డీ తెచ్చాడు. రిటైరయ్యాక ఆ కడ్డీ మంచం కింద పడుంది, కారు కోసం దాన్ని వాడాలని వాడికి తోచనేలేదు. ఒక కొస తలుపు అడుగున ఆనించాడు, రెండో కొస చెవికి పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. మరదలిని తలుపు మెల్లిగా ఊపమన్నాడు. తను ఊపింది, మొహం అటు తిప్పుకునే.

"ఇది కారే నీళ్ళ చప్పుడు కాదు అక్కా" అన్నాడు కాసేపటికి. "నిలబడ్డ నీళ్ళు."

ఆ మాట అన్నాక కళ్ళు తెరిచాడు. నేను వాడిని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. వాడి మొహంలో అంత తెల్లబోవడం ఎప్పుడూ చూడలేదు. చొక్కా విప్పలేదు, గోనె పట్టా వేసుకోలేదు, అలాగే తడి నేల మీద పడుకుని కారు కిందికి జరిగాడు. కాళ్ళు మాత్రం బయట ఉన్నాయి. లోపల ఏదో గోకుతున్న చప్పుడు. తర్వాత ఒక్కసారిగా తలుపు అడుగు నుంచి నీళ్ళు భళ్ళున పడ్డాయి. వాడు దగ్గాడు. ఇంకొంచెం జరిగి చక్రం వెనక చెయ్యి పెట్టి ఏదో లాగాడు. ఈసారి ఎండుటాకులు, మట్టి, పౌడరు కలిసిన తెల్లటి నీళ్ళు వాడి మీదుగా వాకిలి దాకా పారాయి. చాలాసేపు పారాయి. ఆ నీళ్ళు ఆగాక కూడా వాడు బయటికి రాలేదు.

"ఏమైంది? దెబ్బ తగిలిందా?" అని మరదలు వంగింది.

"లేదు" అన్నాడు కింద నుంచి.

"మరి రారేం?"

"వస్తాలే."

"ఏం దొరికింది?"

కారు కింద నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అందులో జనపనార పీచు చుట్టి, తెల్ల పేస్టు పట్టించి, గట్టిగా కూరిన బిరడా ఒకటి ఉంది. పైపుల వాళ్ళు కూరే బిరడా. అంత నీటుగా పీచు చుట్టేవాడు మా ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు.

సంగతేమిటంటే, కారు కొన్న మొదటి వారం వాడు దాన్ని కడుగుతుంటే తలుపు అడుగు నుంచీ, చక్రం వెనక నుంచీ నీళ్ళు కారడం చూశాడు. వాడి ఉద్యోగమంతా నీళ్ళు ఎక్కడ కారితే అక్కడ మూయడమే కదా. ఇక్కడా మూసేశాడు. ఆ కారు చేసినవాళ్ళు ఆ కన్నాలు నీళ్ళు బయటికి పోవడానికే పెట్టారు. పలక చుట్టూ కాలవలో పడ్డ వాన సన్నటి గొట్టాల్లోంచి దిగి చక్రం వెనక నుంచి నేలమీదకి పోతుంది, అద్దం పక్కనుంచి తలుపులోకి దిగిన నీళ్ళు తలుపు అడుగు నుంచి పోతాయి. దారి మూసేసరికి నీళ్ళు గొట్టంలో పైదాకా నిలబడి, కాలవ పొంగి, లోపలికి మరదలి నెత్తిన దిగాయి. పైన బయటి అంచుకి పేస్టు పెట్టాక ఆ పొంగిన నీళ్ళకి కాస్త బయటికి పోయే వీలు కూడా లేకుండా పోయింది. ఊళ్ళో నీళ్ళు ఆపిన మనిషి వాకిట్లో లీకు పెట్టాడన్నమాట. వాడు ఇదంతా కారు కిందే పడుకుని చెప్పాడు. మొహం చూపిస్తూ చెప్పగలిగే సంగతి కాదు.

మరదలు అంతా విని, "మరి మీ వైపు ఎందుకు మూయలేదు?" అని అడిగింది.

బయట ఉన్న కాళ్ళు రెండూ దగ్గరికి ముడుచుకున్నాయి. "పేస్టు అయిపోయింది."

"అంటే?"

"ముందు నీ వైపు మొదలుపెట్టా. నీ కాళ్ళకి చెమ్మ తగలకూడదని ఉన్నదంతా నీ వైపే పెట్టేశా. నాదేముందిలే, తర్వాత చూద్దాం అనుకున్నా. తర్వాత మర్చిపోయా."

మరదలు ఆ కాళ్ళ వైపే చూస్తూ నిలబడింది. నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. లోపలికి పోయి తువ్వాలు తెచ్చి ఆ కాళ్ళ మీద పడేసి, వచ్చి తల తుడుచుకోండి, జలుబు చేస్తుంది అని వెళ్ళిపోయింది.

నీళ్ళ దారి తెరుచుకుంది. మళ్ళీ నీళ్ళు పట్టి చూస్తే పైమూల నుంచి ఒక్క చుక్క దిగలేదు. కానీ సీటు సంగతి వేరు. అప్పటికే పీల్చుకున్న నీళ్ళు ఎక్కడికి పోతాయి? సాయంత్రం కావస్తోంది, ఎండ లేదు. విసనకర్రతో విసిరాడు, ఫ్యాను తెచ్చి పెట్టాడు, గుడ్డలు అద్ది అద్ది పిండాడు. పైన చెయ్యి వేస్తే పర్వాలేదనిపించేది, నొక్కితే లోపలి తడి పలికేది. ఆదివారమని అన్న మాట ఆదివారమే. తీర్పు చెప్పేదాన్ని నేను. వాడు నన్ను బతిమాలలేదు సరికదా, ఉన్నదున్నట్టు చెప్పు అక్కా అన్నాడు. ఫిట్టరై ఉండి చేజేతులా నీళ్ళు లోపలికి తెచ్చినవాడికి ఆ బండి ఉంచుకునే అర్హత లేదని వాడే తీర్మానించుకున్నాడు. ఇచ్చెయ్యడానికి సిద్ధంగా తాళం చెవి గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆదివారం ఫొటోగ్రాఫరు ఇస్త్రీ చొక్కా వేసుకుని, బండి నెట్టడానికి ఒక మనిషిని కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. మా తమ్ముడు తాళం చెవి చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. మరి చూడండమ్మా అని ఫొటోగ్రాఫరు నాకు దారి ఇచ్చాడు. నేను వంగి మరదలి వైపు సీటు మీద చెయ్యి పెట్టాను. నొక్కాను. వేళ్ళ సందుల్లోకి చల్లగా తెలిసింది. ఏం చెప్పాలా అని నేను ఇంకా నడుము నిటారు చేసుకుంటున్నాను, మరదలు బయటికి వచ్చింది. సోఫా రోజు వేసుకున్న బట్టలే, ఉతికి ఇస్త్రీ చేసినవి.

"వదినా, కాస్త జరగండి. కూర్చునేది నేను, నన్ను చూడనివ్వండి" అంది.

నేను జరిగాను. తను తలుపు తీసి, బట్టలు సర్దుకుని, లోపలికి దిగి, పూర్తిగా వెనక్కి వాలి కూర్చుంది. అంత తడి వీపుకి తగిలి ఉంటుంది. కనురెప్ప కూడా కదపలేదు.

"పొడిగానే ఉంది" అంది.

ఫొటోగ్రాఫరు నా మొహం చూశాడు. నేను నా చెయ్యి వెనక్కి పెట్టుకుని, వెనకే తుడుచుకున్నాను. ఆయన మంచి మనిషి, ఫొటోలు తీసే మనిషి కాబట్టి మొహాలు చదవడం కూడా వచ్చి ఉంటుంది. అయితే సరేనండీ అన్నాడు, ఏదో పోగొట్టుకున్నట్టు కారు పొడవునా చూసుకుని.

మా తమ్ముడు అలాగే నిలబడి ఉన్నాడు. వాడికి సీటు సంగతి మా అందరికంటే బాగా తెలుసు.

"ఏం, ఎక్కరా?" అంది మరదలు. "నన్ను ఇందులో కూర్చోబెట్టి మీరు బస్సులో వస్తారా?"

వాడు వెళ్ళి తన వైపు కూర్చున్నాడు. ఇంజను అందుకుంది. ముందు దీపాలు అక్కర్లేకపోయినా రెప్పలు తెరుచుకున్నాయి, వాడి చెయ్యి ఎక్కడెక్కడ నొక్కిందో. బండి కదలబోతుంటే మరదలు ఆపమంది.

"నెత్తిన పలక తీసెయ్యండి. గాలికి ఆరుతుంది."

"ఏం ఆరుతుంది?" అన్నాడు మా తమ్ముడు. ఇన్ని రోజుల తర్వాత వాడి గొంతులో పాత కొంటెతనం వినిపించింది. "పొడిగా ఉందన్నావుగా."

"మీరు నడుపుతారా, నన్ను దిగమంటారా?"

వాడు దిగి గొళ్ళేలు విప్పి, పలక తీసి, పెట్టడానికి చోటు చూసుకోకుండా ఎదురుగా ఉన్న ఫొటోగ్రాఫరు చేతుల్లో పెట్టేశాడు. ఒక కొస నేను పట్టుకున్నాను. బండి వీధి మలుపు తిరిగేదాకా మరదలి జుట్టు గాలికి ఎగరడం కనిపించింది. ఆ తర్వాత మేమిద్దరం ఆ పలక పట్టుకుని నిలబడి ఉండగా వాకిట్లో వెలుతురు తగ్గింది. ఫొటోగ్రాఫరు తల పైకెత్తి మబ్బు చూశాడు.

"అమ్మా, ఇది లేకుండానే వెళ్ళిపోయారు" అన్నాడు.

"వెళ్ళనీ నాయనా" అన్నాను. "ఈసారి ఇద్దరూ తడుస్తారు."